కప్పులో పండెంత, గాలెంత: పండ్ల కొలతలను గ్రాముల్లోకి మార్చే లెక్క

ఆపిల్‌ను పలుచని బద్దలుగా కోసి కప్పు నింపితే సుమారు 109 గ్రాములు తూగుతుంది. చిన్న ముక్కలుగా తరిగి నింపితే 125 గ్రాములు. ఉడికించి గుజ్జు చేసి పోస్తే 244 గ్రాములు. కప్పు అదే, పండూ అదే. తూకం మాత్రం రెట్టింపు దాటింది.

పంచదార, పాలు, నూనె వంటివాటికి ఒక్కో సంఖ్య గుర్తుంటే చాలు. కప్పు పంచదార 200 గ్రాములని తెలిస్తే దాదాపు అన్ని వంటల్లోనూ అది పనికొస్తుంది. పండ్ల దగ్గర అలా కుదరదు. కప్పు స్ట్రాబెర్రీ ఎన్ని గ్రాములని అడిగితే 144, 152, 166, 232 అనే నాలుగు జవాబులూ సరైనవే. మొదటిది కాయలను అలాగే వేసినప్పుడు, రెండోది సగానికి కోసినప్పుడు, మూడోది చక్రాలుగా తరిగినప్పుడు, నాలుగోది గుజ్జు చేసినప్పుడు. అందువల్ల మార్పిడి పట్టికలో పండు పేరు పక్కన ఒకే అంకె కనిపిస్తే దాన్ని నమ్మడం కష్టం. ఆ పండు ఏ రూపంలో ఉండగా తూచారో రాయకపోతే ఆ అంకెకు విలువ లేదు.

గాలి ఎక్కడెక్కడ ఉంటుంది

కప్పులో పండ్లతో పాటు వాటి సందుల్లోని గాలి కూడా ఉంటుంది. ఒకే సైజు గోళాలను ఒక పాత్రలో ఎలా పడితే అలా పోసి, ఎంత కుదిపినా అవి పాత్రలో దాదాపు 64 శాతం మించి నిండవు. మిగిలినదంతా ఖాళీయే. బ్లూబెర్రీ ఈ లెక్కకు చక్కగా సరిపోతుంది. 237 మిల్లీలీటర్ల కప్పులో 148 గ్రాములు పడతాయి. ఆ పండు సాంద్రత నీటికి చాలా దగ్గర కాబట్టి కప్పులో 62 శాతం పండు, తక్కినది గాలి అని చెప్పవచ్చు.

కొన్ని పండ్లలో లోపల కూడా గాలి ఉంటుంది. ఆపిల్ కండలో దాదాపు ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా గాలే. నీళ్లలో వేస్తే అది తేలడానికి కారణం ఇదే. క్రాన్‌బెర్రీ లోపల గాలి గదులుంటాయి, అందుకే అది కప్పుకు 100 గ్రాములే తూగుతుంది. రాస్ప్‌బెర్రీ మధ్యలో బోలు, కప్పుకు 123 గ్రాములు. ద్రాక్ష ఇందుకు భిన్నం. కండలో గాలి లేదు, చక్కెర ఎక్కువ, నీళ్లలో మునుగుతుంది. దాని కండ బ్లూబెర్రీ కన్నా బరువైనా కప్పుకు 151 గ్రాములే వస్తుంది. కాయ పెద్దది కావడంతో కప్పు గోడ వెంట ఎక్కువ ఖాళీ మిగలడమే ఇందుకు కారణం.

ఈ గోడ సంగతి కాస్త విడమరచి చెప్పుకోవాలి, ఎందుకంటే పెద్ద మోతాదుల్లో తప్పులు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. పాత్ర మధ్యలో ఒక కాయ పక్క కాయల సందుల్లోకి ఒదుగుతుంది. గోడ దగ్గర అలా ఒదగలేదు, గోడ చదునుగా ఉంటుంది కాబట్టి. కాయ పెద్దదై, పాత్ర చిన్నదైతే ఆ అంచు ఖాళీయే మొత్తంలో పెద్ద భాగమవుతుంది. అందువల్ల పావు లీటరు కప్పుతో నాలుగుసార్లు కొలిచిన స్ట్రాబెర్రీల కన్నా, ఒకే లీటరు పాత్రను ఒకసారి నింపితే వచ్చే స్ట్రాబెర్రీలు ఎక్కువ బరువుంటాయి. రెండూ కాగితం మీద ఒక లీటరే. చిన్న వంటకాన్ని పది రెట్లు చేసేటప్పుడు కప్పుల సంఖ్యను పదితో హెచ్చించి, పెద్ద గిన్నెతో కొలిస్తే పండు వాటా పెరిగి, పిండి, పంచదారల వాటా తగ్గుతుంది. ముందు ఒక కప్పును గ్రాముల్లోకి మార్చి, ఆ గ్రాములను పదితో హెచ్చించాలి.

ముక్క సైజు కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. ముక్క చిన్నదయ్యేకొద్దీ సందులు తగ్గి కప్పులో పండు పెరుగుతుంది. అయితే గట్టి పండును పలుచగా, పొడవుగా కోస్తే మాత్రం ఫలితం తిరగబడుతుంది. ఆపిల్ బద్దలు వంగవు, ఒకదానిపై ఒకటి అడ్డదిడ్డంగా నిలబడి పెద్ద సందులు వదులుతాయి. ముక్కల కన్నా బద్దల తూకం తక్కువ రావడానికి కారణం అదే. మెత్తటి స్ట్రాబెర్రీ చక్రాలు వంగి ఒకదానికొకటి అతుక్కుంటాయి కాబట్టి సగాలకన్నా ఎక్కువ తూగుతాయి.

ఏ కప్పు?

గ్రాముల సంగతి అటుంచి, కప్పు అనే మాటే దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికా వంటల కప్పు 236.6 మిల్లీలీటర్లు. అక్కడి ఆహార లేబుళ్ల మీద అదే కప్పును 240గా లెక్కిస్తారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటకాల్లో కప్పంటే 250. జపాన్‌లో 200. పాత బ్రిటిష్ కొలతల్లో అర పింటు, అంటే 284 మిల్లీలీటర్లు. టేబుల్‌స్పూను చాలా చోట్ల 15 మిల్లీలీటర్లే, ఆస్ట్రేలియాలో మాత్రం 20. నిమ్మరసం 3 టేబుల్‌స్పూన్లని రాసి ఉంటే అది 45 కావచ్చు, 60 కావచ్చు. నిమ్మ పులుపు మీద ఆధారపడే వంటలో ఈ తేడాను తేలిగ్గా తీసుకోకూడదు.

ఈ వ్యాసంలో కప్పుకు ఇచ్చిన గ్రాములన్నీ 237 మిల్లీలీటర్ల కప్పువి. 250 కప్పయితే వాటిని 1.06తో, 200 కప్పయితే 0.85తో హెచ్చించాలి. 250తో వచ్చే తేడా ఆరు శాతమే. పండ్లు ఒకసారికీ మరోసారికీ మారే తేడా కన్నా అది తక్కువే కాబట్టి సలాడ్ వంటివాటికి పట్టించుకోనక్కర్లేదు. 200 కప్పు విషయంలో మాత్రం పట్టించుకోవాల్సిందే.

వంటకం ఏ కప్పుతో రాశారో చెప్పకపోతే కనిపెట్టే దారి ఒకటుంది. చాలా వంటకాల్లో కనీసం ఒక దినుసుకైనా కప్పులూ గ్రాములూ రెండూ ఇస్తారు. కప్పు పంచదారకు 200 గ్రాములని ఉంటే అది 237 కప్పు. 210 దగ్గరుంటే 250 కప్పు. 170 అయితే 200 కప్పు. పంచదార కుదురుగా ఒదిగే దినుసు కాబట్టి ఈ పరీక్షకు బాగా పనికొస్తుంది. పిండితో చేస్తే ఎటూ తేలదు. పిండి వదులుగా ఉందా, నొక్కి ఉందా అన్నదాన్ని బట్టే దాని తూకం చాలా మారుతుంది.

ఔన్సు మరో చిక్కు. తూకపు ఔన్సు 28.35 గ్రాములు. ద్రవాల ఔన్సు పరిమాణపు కొలత, అమెరికా లెక్కలో 29.57 మిల్లీలీటర్లు. నీళ్లకు రెండూ దాదాపు ఒకటే కావడంతో జనం వీటిని కలిపేస్తారు. 12 ఔన్సుల బ్లూబెర్రీ అంటే తూకంలో 340 గ్రాములు, సుమారు 2.3 కప్పులు. ద్రవాల ఔన్సుగా పొరబడి గీతల జగ్గులో 12వ గీత దాకా నింపితే ఒకటిన్నర కప్పే వస్తుంది, అంటే 222 గ్రాములు. మూడో వంతుకు పైగా పండు తగ్గిపోతుంది. పండ్లకు, కూరలకు ఔన్సులని రాసి ఉంటే దాదాపు ఎప్పుడూ తూకపు ఔన్సులే. పింటు విషయమూ ఇంతే. అమెరికాలో ద్రవాలకు వాడే పింటు 473 మిల్లీలీటర్లు, బెర్రీల పెట్టెలకు వాడే పొడి పింటు 551. ఆ పొడి పింటు నిండా బ్లూబెర్రీలు పోస్తే 345 గ్రాములు వస్తాయి.

కొలిచేటప్పుడు పండు ఎలా ఉంది?

వంటకంలో "తరిగిన స్ట్రాబెర్రీ ఒక కప్పు" అని ఉంటే ముందు తరిగి, తరవాత కొలవాలి. "స్ట్రాబెర్రీ ఒక కప్పు, తరగాలి" అని ఉంటే ముందు కాయలతో కప్పు నింపి, తరవాత తరగాలి. మొదటి పద్ధతిలో 166 గ్రాములు, రెండో పద్ధతిలో 144. అరటిపండుకు వచ్చేసరికి ఈ తేడా ఇంకా పెద్దది. చక్రాలుగా కోసి నింపితే కప్పుకు 150 గ్రాములు, మెదిపి నింపితే 225.

అరటిపండు కేకులో ఇది ఎలా బయటపడుతుందో చూడండి. వంటకం రాసినవారు మెదిపిన గుజ్జు ఒక కప్పు అనుకున్నారు. చేసేవారు చక్రాలతో కప్పు నింపి, తరవాత మెదిపారు. 75 గ్రాముల పండు తగ్గింది. అరటిపండులో ముప్పాతిక భాగం నీరే, కాబట్టి పిండికి 56 గ్రాముల నీరు అందలేదు. పిండి గట్టిగా ఉంటుంది, కేకు పొడిగా వచ్చి పైన పగులుతుంది. పొరపాటు ఇటు నుంచి అటు జరిగితే అదనపు నీరు, చక్కెర చేరి కేకు మధ్యలో కిందిభాగం బంకగా మిగులుతుంది, ఎంతసేపు కాల్చినా ఆరదు. చాలామంది ఓవెన్‌ను తప్పుపట్టి వేడి పెంచుతారు. అసలు లోపం కొలతలో ఉంది.

"మూడు అరటిపండ్లు" అని రాసి ఉంటే? మధ్యస్థం పండు తొక్క తీశాక 118 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. మూడు కలిపి 354 గ్రాములు, మెదిపితే కప్పున్నర కన్నా కాస్త ఎక్కువ. చిన్న పండ్లయితే ఇందులో మూడో వంతు తగ్గవచ్చు. పండ్ల సంఖ్యే ఇచ్చిన వంటకాన్ని మొదటిసారి చేసేటప్పుడు గుజ్జును తూచి పక్కన రాసుకుంటే, మరుసటిసారి పండు సైజుతో పని ఉండదు.

మిక్సీలో తిప్పిన గుజ్జులో మరో సమస్య వస్తుంది. వేగంగా తిరిగే బ్లేడు గుజ్జులోకి గాలిని కొడుతుంది. స్ట్రాబెర్రీ గుజ్జు కప్పుకు 232 గ్రాములే రావడం, అంటే నీటికన్నా కాస్త తేలికగా ఉండటం, ఈ బుడగల వల్లే. చక్కెర కలిగిన రసం నిజానికి నీటికన్నా బరువుండాలి. నారింజ రసం కప్పుకు 248 గ్రాములు తూగుతుంది. మరీ నురగ కట్టిన గుజ్జును కొలిస్తే లెక్క ఇంకా తప్పుతుంది. కొలవక తప్పకపోతే పావుగంట కదపకుండా ఉంచి, నురగ అణిగాక కొలవాలి. తూచేటట్టయితే ఈ బాధ లేదు, నురగ ఉన్నా లేకున్నా గ్రాములు మారవు.

పంచదార చల్లి ఊరబెట్టిన పండ్లను కప్పుతో కొలవకూడదు. పంచదార రసాన్ని బయటికి లాగుతుంది, ముక్కలు మెత్తబడి కుంగుతాయి. గంటలోనే గిన్నెలో మట్టం పడిపోతుంది, మొత్తం తూకం మాత్రం అలాగే ఉంటుంది. ఊరబెట్టకముందు కొలిచిన మూడు కప్పులు, ఊరాక కొలిచిన మూడు కప్పులు వేర్వేరు పరిమాణాలు.

దగ్గర పెట్టుకోదగ్గ అంకెలు

ముందు రూపాన్ని బట్టి గుర్తుంచుకుంటే పట్టిక లేకున్నా పని నడుస్తుంది. చిన్న గుండ్రటి పండ్లు మిల్లీలీటరుకు 0.6 నుంచి 0.65 గ్రాములు. మెత్తటి పండ్ల ముక్కలు 0.6 నుంచి 0.7. గట్టి పండ్ల బద్దలు 0.45 దరిదాపుల్లో. గుజ్జు 0.95 నుంచి 1.03. రసం 1.03 నుంచి 1.05. జామ్ 1.3 పైన. కప్పు ఎన్ని మిల్లీలీటర్లదో దానితో హెచ్చిస్తే గ్రాములు వస్తాయి.

పండు వారీగా చూస్తే, మామిడి ముక్కలు, అనాస ముక్కలు, జామ ముక్కలు మూడూ కప్పుకు 165 గ్రాములు. బొప్పాయి ముక్కలు 145, మెదిపితే 230. పుచ్చకాయ ముక్కలు 152. నారింజ తొనలు 180. దానిమ్మ గింజలు 174. కివీ చక్రాలు 180. అవకాడో ముక్కలు 150, గుజ్జు 230. చెర్రీలు గింజతో 138, గింజ తీస్తే 154. ఎండుద్రాక్ష వదులుగా 145, నొక్కితే 165. ఖర్జూరం ముక్కలు 147. నిమ్మతొక్క తురుము టేబుల్‌స్పూను 6 గ్రాములు.

వీటిని పది శాతం అటూ ఇటూ మారే అంకెలుగానే వాడాలి. పండు సైజు, పక్వత, జాతి, ముక్క కోసిన తీరు అన్నీ వీటిని కదుపుతాయి. కొన్ని మార్పిడి సాధనాలు 147.87 గ్రాములంటూ రెండు దశాంశ స్థానాలు చూపిస్తాయి. అవి గణితం వల్ల వచ్చిన అంకెలే తప్ప కొలత వల్ల వచ్చినవి కావు. 5 గ్రాములకు సర్దుకుని 150 అనుకోవడమే నిజాయితీగల లెక్క.

తొక్క, టెంక, గింజ

కొన్న తూకం, తినే తూకం వేర్వేరు. వంటకంలో కిలో అనాస అని ఉంటే అది తొక్కతోనా, తీసిందా అన్నది తేల్చుకోకుండా ముందుకు వెళ్లకూడదు. తొక్క, కళ్లు, ఆకుల తల, నడిమి కాడ తీసేస్తే అనాసలో దాదాపు సగమే మిగులుతుంది. పుచ్చకాయలోనూ తొక్క తీస్తే సుమారు సగం పోతుంది. అరటిపండులో మూడో వంతుకు పైగా తొక్కే. ఆపిల్‌లో గింజల గూడు, తొడిమ పోయేది పదో వంతు. మామిడిలో మూడో వంతు దాకా పోవచ్చు, టెంక సైజు జాతిని బట్టి బాగా మారుతుంది కాబట్టి ఒక అంకె పట్టుకుని కూర్చోకూడదు.

లెక్క ఇలా నడుస్తుంది. మెదిపిన అరటిపండు 2 కప్పులు కావాలి, అంటే 450 గ్రాముల గుజ్జు. పండులో తినే భాగం 64 శాతం. 450ని 0.64తో భాగిస్తే 703. తొక్కతో 700 గ్రాముల పండ్లు తెచ్చుకోవాలి. ఇక్కడ చాలామంది భాగించడానికి బదులు 450కి 36 శాతం కలుపుతారు. అలా చేస్తే 612 వస్తుంది, దాని నుంచి దక్కే గుజ్జు 392 గ్రాములే. అరటిపండు మాగేకొద్దీ తొక్కలోని నీరు కండలోకి చేరి తొక్క పలుచబడుతుంది. బాగా మాగిన పండ్లలో తినే భాగం కాస్త ఎక్కువే వస్తుంది.

కడిగిన నీళ్లను కూడా లెక్కలో పెట్టుకోవాలి. రాస్ప్‌బెర్రీ వంటి బోలు పండ్లు నీటిని లోపల పట్టుకుంటాయి. జల్లెడలో వడకట్టి, గుడ్డ మీద ఆరనిచ్చి తూచాలి.

గడ్డకట్టినవి, ఎండినవి, డబ్బాలోవి

గడ్డకట్టిన స్ట్రాబెర్రీ రాళ్లలా ఉన్నప్పుడు కప్పుకు 149 గ్రాములు, తాజా వాటికి దగ్గరే. కరిగాక 221 గ్రాములు. మంచు స్ఫటికాలు కణాల గోడలను చీలుస్తాయి, కరగగానే రసం కారి పండు కూలబడుతుంది. తాజా పండ్లతో రాసిన వంటకాన్ని గడ్డకట్టిన వాటితో చేసేటప్పుడు కరగకముందే కొలవాలి, లేదా తూచాలి. కారిన రసాన్ని పారబోయకూడదు, ఆ రసం పండు తూకంలో భాగం. వంటకానికి తడి ఎక్కువవుతుందనిపిస్తే ఆ రసాన్ని విడిగా సగానికి మరిగించి తిరిగి కలపవచ్చు.

ఎండిన పండ్ల దగ్గర నీరు పోయిన లెక్క చూసుకోవాలి. ద్రాక్షలో సుమారు 81 శాతం నీరు, ఎండుద్రాక్షలో 15 శాతం. 100 గ్రాముల ద్రాక్షలో నీరు కాని భాగం 19 గ్రాములు, దాన్ని 0.85తో భాగిస్తే 22 గ్రాముల ఎండుద్రాక్ష. కప్పు ద్రాక్షకు, అంటే 151 గ్రాములకు, 34 గ్రాముల ఎండుద్రాక్ష సమానం. పావు కప్పుకు కొంచెం తక్కువ. నానబెట్టమని వంటకం చెబితే నానకముందు కొలిచిందే లెక్క, నానిన పండు ఎంత నీరు పీల్చిందో ప్రతిసారీ మారుతుంది.

డబ్బా పండ్ల లేబుల్ మీద రెండు తూకాలుంటాయి, పాకంతో కలిపి ఒకటి, వడకట్టిన తూకం ఒకటి. వంటకానికి కావలసింది సాధారణంగా రెండోది.

సొంత పట్టిక తయారు చేసుకోవడం

తరచూ వాడే పండ్లు అయిదారే ఉంటాయి. వాటికి పుస్తకాల్లో అంకెలు వెతకడం కన్నా సొంత కప్పుతో, సొంత కత్తి కోతతో ఒకసారి తూచి రాసుకోవడం మేలు. ఒక గ్రాము దాకా చూపే వంటింటి డిజిటల్ కాటా చాలు.

ముందు కప్పును పరీక్షించాలి. ఖాళీ కప్పును కాటా మీద పెట్టి సున్నా చేసి, అంచు దాకా నీళ్లు పోయాలి. ఎన్ని గ్రాముల నీళ్లు పడితే కప్పు అన్ని మిల్లీలీటర్లు. కొలత కప్పులని అమ్మే వాటిలోనూ కొన్ని పది మిల్లీలీటర్ల దాకా తేడా చూపిస్తాయి. తరవాత కప్పును తుడిచి, పండు ముక్కలను నొక్కకుండా నింపి, ఒకసారి మెల్లగా తట్టి, పైన సర్దాలి. పండ్లు గరిటె వెనకభాగంతో గీసి సమం చేసేవి కావు. అంచు పైకి పొడుచుకొచ్చిన ముక్కలు అంచు కింద మిగిలిన సందులకు సరిపోయేలా కంటితో చూసి ఆపాలి. తూచి రాయాలి. కప్పు ఖాళీ చేసి మళ్లీ నింపాలి. ఇలా అయిదుసార్లు చేసి సగటు తీస్తే నమ్మదగ్గ అంకె వస్తుంది. అయిదింటిలో అతి పెద్దదానికీ అతి చిన్నదానికీ మధ్య 15 గ్రాములకు మించి తేడా ఉంటే ముక్కలు సమంగా కోయలేదని అర్థం. పట్టికలో పండు పేరు పక్కన ముక్క సైజు కూడా రాయాలి. "మామిడి, సెంటీమీటరు ముక్క" అని లేకపోతే ఆరు నెలల తరవాత ఆ అంకె ఎవరికీ పనికిరాదు.

కాటా మీద మిల్లీలీటర్లు చూపించే మీట ఉంటే పండ్లకు దాన్ని వాడకూడదు. ఆ మీట తూకాన్ని నీటి సాంద్రతతో భాగించి చూపిస్తుంది, కొన్నింటిలో పాల సాంద్రతతో. 150 గ్రాముల బ్లూబెర్రీ పెడితే 150 మిల్లీలీటర్లు అంటుంది. నిజానికి ఆ పండ్లు ఒక పూర్తి కప్పు నింపుతాయి. మరో సంగతి, నిమ్మతొక్క తురుము వంటి అయిదు గ్రాముల లోపు వాటిని మామూలు కాటా సరిగా చూపదు. చిటికెడు చిటికెడు వేస్తూ పోతే కొన్ని కాటాలు ఆ చిన్న మార్పులను లెక్కలోకే తీసుకోవు. అలాంటి వాటికి స్పూనే నయం.

జామ్‌లో తేలిపోయే తేడా

కప్పు కొలత వల్ల ఎక్కువ నష్టపోయేది జామ్. కప్పు పండుకు కప్పు పంచదార అన్న నియమం చాలా వంటకాల్లో కనిపిస్తుంది. నాలుగు కప్పుల స్ట్రాబెర్రీ, నాలుగు కప్పుల పంచదార తీసుకుందాం. పంచదార ఎలా చూసినా 800 గ్రాములు. స్ట్రాబెర్రీ కాయలుగా కొలిస్తే 576 గ్రాములు, చక్రాలుగా 664, గుజ్జుగా 928. ఒకే వాక్యం చదివి ముగ్గురు మూడు వేర్వేరు జామ్‌లు వండుతున్నారు.

జామ్ సిద్ధమైందనడానికి అందులో కరిగిన ఘనపదార్థం, అంటే ఎక్కువగా చక్కెర, 65 శాతం దగ్గర ఉండాలి. స్ట్రాబెర్రీలో నూటికి సుమారు 8 గ్రాములు అలాంటి పదార్థం ఉంటుందనుకుందాం. కాయలుగా కొలిచిన కుండలో 46 గ్రాములు పండు నుంచి, 800 పంచదార నుంచి, మొత్తం 846. దీన్ని 0.65తో భాగిస్తే జామ్ 1,301 గ్రాముల దగ్గర ఆగాలి. మొదట కుండలో వేసింది 1,376 గ్రాములు. ఆవిరి కావలసిన నీరు 75 గ్రాములే! రెండు మూడు నిమిషాల మరుగుకే జామ్ గురుతు చేరుతుంది. అప్పటికి పండు ఉడకదు, జామ్‌ను బిగించే పండులోని పెక్టిన్ సరిగా బయటికి రాదు, పులుపు చక్కెర కింద అణిగిపోతుంది. చల్లారాక ముక్కలు పైకి తేలతాయి, అడుగున పాకం చేరుతుంది.

గుజ్జుగా కొలిచిన కుండలో లెక్క వేరు. 874ను 0.65తో భాగిస్తే 1,345 గ్రాములు. మొదట వేసింది 1,728. పోవలసిన నీరు 383 గ్రాములు, ముందటి దానికి అయిదు రెట్లు. మరుగు సమయం చాలా పెరుగుతుంది. వంటకంలో రాసిన నిమిషాలకే దించేస్తే జామ్ బిగియదు, పంచదార చాలక త్వరగా బూజు పడుతుంది. అందుకే జామ్ వంటకాన్ని తూకంలోకి మార్చకుండా చేయకూడదు. కప్పుల్లోనే ఉన్న వంటకం దొరికితే, పండు ఏ రూపంలో కొలవమన్నారో తేలకపోతే, ఆ వంటకాన్ని వదిలేసి కిలో పండుకు 800 గ్రాముల నుంచి కిలో దాకా పంచదార అన్న నిష్పత్తితో మొదలుపెట్టడం మంచిది.

ఈ తూకం పద్ధతితో దించే సమయాన్ని కూడా కచ్చితంగా పట్టుకోవచ్చు. ఖాళీ కుండను ముందే తూచి రాసుకోవాలి. కిలో స్ట్రాబెర్రీ, 800 గ్రాముల పంచదార అయితే ఘనపదార్థం 880, జామ్ లక్ష్యం 1,354 గ్రాములు. కుండ తూకం దానికి కలిపి, మధ్యమధ్య పొయ్యి ఆపి కుండతో సహా తూచి చూడాలి. వేడి కుండ కింద కాటా పాడవకుండా మందపాటి చెక్క పెట్టి, చెక్కతో సహా సున్నా చేసుకోవాలి. థర్మామీటరుతో చూసేవారు 104 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర దించుతారు, కానీ అది సముద్రమట్టానికి చెల్లే అంకె. ఎత్తు ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ తగ్గించుకోవాలి. తూకానికి ఆ సవరణ అక్కర్లేదు.

సార్బే వంటి గడ్డకట్టే తీపి వంటల్లోనూ చక్కెర శాతమే అంతా నిర్ణయిస్తుంది. 15 శాతం చక్కెర ఉన్న కిలో గుజ్జును 27 శాతానికి తేవాలంటే 164 గ్రాముల పంచదార కలపాలి. నురగ కట్టిన గుజ్జును లీటరు జగ్గుతో కొలిచి కిలో అనుకుంటే పండు తగ్గి, చక్కెర శాతం పెరుగుతుంది. అది ఫ్రీజర్‌లో గట్టిపడక జారుగా మిగులుతుంది. సలాడ్, స్మూతీ, పైన చల్లుకునే పండ్ల దగ్గర ఇంత పట్టింపు అనవసరం.

కప్పే మేలైన చోట్లు

ఎంత చోటు నిండాలన్నదే ప్రశ్న అయినప్పుడు తూకం పనికిరాదు. పై 1,354 గ్రాముల జామ్ ఎన్ని సీసాల్లో పడుతుందో తెలియాలంటే 1.32తో భాగించాలి. 1,026 మిల్లీలీటర్లు. 200 మిల్లీలీటర్ల సీసాలు అయిదు, మిగిలిన రెండు చెంచాలకు ఒక చిన్న గిన్నె. జామ్ నీటికన్నా బరువన్న సంగతి మరిచి గ్రాములను మిల్లీలీటర్లుగా చదివితే రెండు సీసాలు అనవసరంగా శుభ్రం చేసి వేడిచేసినట్టవుతుంది. పిండి పొరల మధ్య ఆపిల్ నింపి కాల్చే "ఆపిల్ పై" వంటకానికి తట్ట నింపేటప్పుడూ ఇంతే. ఆపిల్ బద్దలు కాలేటప్పుడు లోపలి గాలి పోయి కుంగుతాయి. తట్ట అంచు దాటి గుట్టగా పోస్తేనే చివరికి పైపొర కింద పెద్ద ఖాళీ మిగలకుండా ఉంటుంది.

పండ్లను పాకంలో నిలవ పెట్టేటప్పుడు పాకం ఎంత కాయాలో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష చేయాలి. సీసాలో పండ్లు సర్ది, కాటా మీద పెట్టి సున్నా చేసి, పండ్లు మునిగేదాకా, పైన వదలాల్సిన ఖాళీ వదిలి, నీళ్లు పోయాలి. కాటా చూపే గ్రాములే పాకం పట్టే మిల్లీలీటర్లు. 500 మిల్లీలీటర్ల సీసాలో గుండ్రటి పండ్లయితే 180 నుంచి 200 మధ్య వస్తుంది. ఆ నీళ్లను వంపేసి, పండ్లను ఆరనిచ్చి, మిగిలిన సీసాలకు అదే అంకె వాడవచ్చు. సగం సగం పంచదార, నీళ్లతో కాచిన పాకం మిల్లీలీటరుకు సుమారు 1.23 గ్రాములు తూగుతుంది. అందుకని అలాంటి సీసాలు పదింటికి 2 లీటర్ల పాకం కావాలంటే పంచదార, నీళ్లు కలిపి 2,460 గ్రాములు తూచుకోవాలి. కాగేటప్పుడు ఆవిరయ్యే నీటికి ఇంకో 100 గ్రాములు అదనంగా పోయాలి.